నార్ఫోకు దీవిలో కైదీల సంగీతము



కారాగారమున పాట పుట్టుట మన యాంధ్రులకు వింత కాదు. పాల్వంచ పరగణాకు తహశీల్దారుగా నుండి, భద్రాచలమున రామునకు కోవెల కట్టించి, సర్కారు ధనము వాడుకొన్నాడను నేరముపై గోలకొండ కోటలో బందీయైన కంచెర్ల గోపన్న కథ మీలో నెరుగనివారుండరు. తానీషా ప్రభువు కాలమున ఆ చెరలోనే ఆయన కీర్తనలు పెక్కు వెలసెనని పెద్దల వాక్యము. గోలకొండకు పోయినవారికి రామదాసు బందిఖానా యని యొక చీకటి కొట్టును నేటికిని చూపుదురు. ఆ కీర్తనలను మీరే మీ భజనమందిరములలో పాడుచున్నారు.

అచ్చట పాట భక్తుని గుండెలోనుండి వచ్చినది. చెరసాల యధికారికి దానితో ప్రమేయము లేదు. నేడు నేను చెప్పబోవునది వేరు తీరు కథ. కైదీల చేతికి వాద్యములను తానే యిచ్చి, వారిచేత పాడించి, నాటకమాడించి, ఆ కారణమున నగుబాటుపాలై తుదకు ఉద్యోగము పోగొట్టుకొనిన యొక యధికారి కథ. దండనమును సంగీతమును ఒక్కచోట నిముడునా యను ప్రశ్న ఆయన చేతిలో నాలుగేండ్లు పరీక్షకు నిలిచినది. పదిమంది తగవులు తీర్చు పెద్దలకు ఈ ప్రశ్న పనికిరాకపోదు.

ద్వీపాంతరవాసమను మాట వినినంతనే మన తాతల గుండెలు జల్లుమనెడివి. సిపాయిల తిరుగుబాటు అణగిన పిదప, 1858 మార్చి 10వ తేదీన వాకరను డాక్టరు రెండువందలమంది కైదీలతో అండమాను దీవులలో దిగెను. కాలాపానీ యని జనులు భయముతో చెప్పుకొనిన శిక్ష మనవారికి ఆ దీవులలో అట్లు ప్రబలెను. మన గోదావరి మన్యమున 1879-80లో చెలరేగిన రంప పితూరీలో పట్టుబడినవారిలో కొందరు గూడ అచ్చటికే పోయిరి. అయితే ఈ శిక్షను ఆంగ్లేయులు మనకొరకై క్రొత్తగా కనిపెట్టలేదు. చిరకాలము వారు తమ ప్రజలకే దీనిని విధించుచుండిరి. గొఱ్ఱెను దొంగిలించినవాడు, బట్టలమూట కాజేసిన దాసి, దొంగసంతకము చేసిన గుమాస్తా, ఐర్లాండులో దొరతనమున కెదురు తిరిగిన రైతు, అందరును ఓడ యెక్కవలసినవారే. మొదట వారిని అమెరికాకు పంపిరి. అమెరికా స్వతంత్రించి ఆ దారి మూసికొనిపోగా, 1787 మే 13వ తేదీన పదునొకండు ఓడలు ఇంగ్లాండునుండి బయలుదేరి, 1788 జనవరిలో ఆస్ట్రేలియా తూర్పు తీరమున సిడ్నీకి చేరినవి. అది మొదలు 1868 వరకు ఆ ఖండమునకు పంపబడిన కైదీలు 1,60,000 మందికి మించుదురు. ఆ నేల యంతకుముందు వేలయేండ్లుగా ఆదిమజాతులవారిది. వారు పడిన కష్టము వేరొక ప్రసంగమునకు తగిన విషయము. దానినిచ్చట ముగించి మన కథలోనికి వత్తము.

ఆ కైదీలకు ఆటపాటలు ఓడమీదనే మొదలయ్యెను. నెలలకొలది ప్రయాణము, ఓడ యడుగున గాలి చొరని గదులు, జ్వరములు, విరేచనములు. దరి చేరకముందే పలువురు సముద్రము పాలగుచుండగా, పంతొమ్మిదవ శతాబ్దమున ప్రతి కైదీల యోడకును ఒక వైద్యుని అధికారిగా నియమించిరి. ఆ వైద్యులలో పెక్కురు కైదీలను పైతట్టునకు రప్పించి చిందులు వేయించుచుండిరి. వినోదము కొరకు కాదు. కాళ్ళుచేతులాడిన దేహము కుదుటపడునని, మనస్సు క్రుంగిన వానిని రోగము త్వరగా పట్టునని వారి యభిప్రాయము. కషాయమువలె నృత్యమును గూడ పూటపూటకు పోసిరన్నమాట. ఫిడేలు వాయింప నేర్చిన దొంగ యొకడు ఓడలోనున్న ఆ వైద్యుని యదృష్టము పండినట్లే.

సిడ్నీలో దిగిన మరుసటి యేడే నాటకము పుట్టెను. 1789 జూన్ 4వ తేదీ మూడవ జార్జి రాజుగారి జన్మదినము. ఆ నాటి రాత్రి కైదీలు ఫార్కహరను కవి రచించిన ‘రిక్రూటింగ్ ఆఫీసరు’ అను హాస్యనాటకము నాడిరి. మట్టిగోడల గుడిసె రంగస్థలము. కొన్ని రంగుకాగితములు, చిన్నచిన్న క్రొవ్వొత్తులు అలంకారము. గవర్నరు మొదలు అరువదిమంది ప్రేక్షకులు. అప్పటికి ఆ వలసలో కడుపునిండ తిండి లేదు. ఓడలు వచ్చునో రావో తెలియదు. అట్టి వేళ వారికి నాటకమేల తోచెనని మీరడుగవచ్చును. కరవు సంవత్సరమున మన పల్లెలలో భజన యాగినదా యని నేను తిరిగి యడుగుదును.

1796 జనవరిలో సిడవే యనువాడు ఆ యూర నిజమైన నాటకశాలనే తెరచెను. ఇతడు దొంగతనము నేరమున తొలి యోడలలో వచ్చి, శిక్ష తీరిన పిమ్మట రొట్టెల వ్యాపారము సాగించినవాడు. డబ్బు అరుదగుటచే ప్రేక్షకులు టిక్కెట్టునకు మారుగా పిండియో, మాంసమో, సారాయో తెచ్చి యిచ్చుచుండిరి. భాగవతులకు మన కళ్ళములలో ధాన్యము కొలిచినట్లే. కాని ఊరివారెల్ల ఆటకు పోయిన వేళ చూచి దొంగలు ఇండ్లు దోచుకొనుట మొదలిడిరి. కొలది యేండ్లకే గవర్నరు ఆ నాటకశాలను మూయించెను. వీథినాటకము నాటి రాత్రి ఇంటికి కాపు పెట్టి పోవలెనని మన ముసలమ్మలు చెప్పుట ఊరక కాదు.

ఇవి దొరలు చూచి సెలవిచ్చిన ఆటలు. దొరల చెవిని పడకుండ సాగిన పాటలు వేరుగా నుండెను. టాస్మేనియా దీవిలో హోబర్టు పట్టణము చేరువ, కాస్కేడ్సు అనుచోట, 1828లో స్త్రీకైదీలకొక నిర్బంధశాల తెరచిరి. పగలు బట్టలుతుకుట, నూలు వడకుట, మాటలాడరాదు. రాత్రి తలుపులు వేసిన తరువాత అందు కొందరు గట్టివారు పాడుచు, ఆడుచు, దొంగతనముగా తెప్పించుకొనిన నగలు ధరించుచు నుండిరని 1841 నాటి విచారణలో సాక్ష్యములు వచ్చినవి. పట్టుబడినవారిని చీకటి కొట్టులో నొంటిగా నుంచుచుండిరి. అయినను పాట మానలేదు.

ఇక ఫ్రాన్సిస్ మక్నమారా యనునొక ఐర్లాండువాడు కలడు. 1832లో సిడ్నీ చేరెను. కైదీలతని కవియని పిలుచుచుండిరి. వీపుపై కొరడాదెబ్బలు వందలు తినెను. 1839లో ఇతడల్లిన కావ్యమొకటి కలదు. అందొక కైదీ చనిపోయి నరకము చూడబోవును. తమ్ము కొట్టించిన కమాండెంట్లు, శిక్షలు వేసిన న్యాయాధిపతులు అచ్చట నిప్పులలో మ్రగ్గుచుందురు. నీవంటివారికిచ్చట చోటు లేదు, స్వర్గమునకు పొమ్మని యా కైదీని సాగనంపుదురు. ఇట్టి పద్యములను అచ్చొత్తించు దిక్కెవరు? వ్రాతప్రతులై, నోటినుండి నోటికి ప్రాకినవి. మన చాటుపద్యములకు కలిగిన గతియే.

ఇప్పుడు నార్ఫోకు దీవికి పోవుదము. సిడ్నీకి తూర్పున ఇంచుమించు వేయిమైళ్ళ దూరమున, ఐదుమైళ్ళ పొడవు, మూడుమైళ్ళ వెడల్పు గలిగి, నిటారుగా నెదుగు దేవదారువంటి వృక్షములతో పచ్చగానుండు దీవి. కెప్టెన్ కుక్కు 1774లో చూచెను. ఓడలు నిలువ మంచి రేవు లేదు. చుట్టును కెరటములు రాళ్ళను కొట్టుచుండును. ఆ కారణముననే అది చెరసాలకు తగినదని యెంచిరి. మొదటి వలస 1814లో ఎత్తివేయబడినది. 1825లో మరల తెరచినప్పుడు, ఆస్ట్రేలియాలో శిక్ష ననుభవించుచు తిరిగి నేరము చేసినవారిని, అనగా రెండుమార్లు శిక్షపడిన వారిని, అచ్చటికి పంప నిశ్చయించిరి. ఇక తిరిగి వచ్చుట యను నాశ యుండరాదని పై యధికారులే వ్రాసికొనిరి. అచ్చటి కొరడాల లెక్క, సంకెళ్ళ తూకము నేను వర్ణింపను. ఒక్క సంగతి చెప్పి విడుతును.

1834 జనవరిలో కైదీలు తిరుగబడిరి. తిరుగుబాటు అణగిన పిదప విచారణ జరిగి, పలువురికి మరణశిక్ష వేసిరి. పిదప కొందరికి దానిని తగ్గించి, పదుముగ్గురి నుఱి తీయ నిశ్చయించిరి. ఎవరికేది యైనదో తెలుపుటకు అల్లతోరను కాథలిక్కు పురోహితుడు సిడ్నీనుండి వచ్చెను. బ్రతుకుదువని వినినవాడెల్ల కన్నీరు పెట్టుకొనెననియు, చావు తప్పదని వినినవాడెల్ల మోకాళ్ళపై వ్రాలి దేవునికి మ్రొక్కెననియు ఆయన వ్రాసియుంచెను. నేను చదివిన చరిత్రగ్రంథములలో నింతటి మాట మరియొకటి కానను.

ఆ దీవికి 1840 మార్చి 6వ తేదీన క్రొత్త కమాండెంటుగా వచ్చినవాడు అలెగ్జాండరు మకానకీ. 1787లో ఎడింబరో నగరమున జన్మించి, చిన్ననాటనే నౌకాదళమున చేరెను. 1811లో ఇతడెక్కిన యోడ ఫ్రెంచివారి చేతికి చిక్కగా 1814 వరకు యుద్ధఖైదీగా నుండెను. చెర రుచి యెట్టిదో తాను చూచినవాడన్నమాట. తరువాత లండనులో భూగోళశాస్త్ర పరిషత్తునకు తొలి కార్యదర్శి. 1833లో లండను యూనివర్సిటీ కాలేజిలో భూగోళశాస్త్రమున తొలి ఆచార్యుడు. 1837లో టాస్మేనియా గవర్నరునకు కార్యదర్శిగా వచ్చి, కైదీల పాటు కన్నులార చూచి, ఈ పద్ధతి మనుష్యుని బాగుచేయదు, పాడుచేయునని ఘాటుగా వ్రాసి, ఆ యుద్యోగమును పోగొట్టుకొనెను.

ఇతని సిద్ధాంతము నాబోటి బడిపంతులునకు సులభముగా నర్థమగును. ఇతడు కైదీలకు మార్కులు వేసెను! ఏడేండ్ల శిక్షకు మారుగా ఆరువేల మార్కులు; యావజ్జీవశిక్షకు ఎనిమిదివేలు. పని చేసినను, మంచి నడవడి చూపినను మార్కులు పెరుగును; తప్పు చేసిన తగ్గును. కూడబెట్టినవాడు త్వరగా విడుదల పొందును. కొంతకాలమునకు ఆరుగురినొక జట్టుగా జేసి, ఒకడు తప్పిన జట్టంతయు నష్టపడునట్లు ఏర్పాటు చేసెను. తాళము చెవి కైదీ చేతిలోనే యుండవలెనని యాయన యభిమతము. దీవిలో శాశ్వతముగా నిలిచియున్న ఉఱికంబమును తీసివేయించెను. చనిపోయిన కైదీల సమాధులపై పేర్లు చెక్కించుకొనుట కనుమతించెను. ఇవన్నియు పై యధికారులు ఓర్చుకొనియుందురేమో. ఓర్చుకొనలేనిది మరియొకటి జరిగినది.

ఆ యేడు మే 24వ తేదీ విక్టోరియా రాణి జన్మదినము. ఆదివారమగుటచే ఉత్సవము సోమవారము, 25వ తేదీన జరిపిరి. అప్పటికి మకానకీ వచ్చి మూడు నెలలు నిండలేదు. దీవిలో పాత కైదీలు, క్రొత్తగా వచ్చినవారు కలిసి పదునెనిమిది వందలమంది. ప్రొద్దున ఫిరంగులు మ్రోగెను. కైదీల యావరణపు ద్వారములు బార్లా తెరువబడెను. ఈ దినమెల్ల దీవియందు మీ యిష్టము వచ్చినచోట తిరుగుడు, బాకా మ్రోగగానే తిరిగి రండని కమాండెంటు చెప్పెను. కొరడా పట్టిన కాపరి లేకుండ వారు కొండలెక్కిరి, సముద్రమున స్నానమాడిరి. మధ్యాహ్నము మంచి భోజనము. నిమ్మరసపు పానకములో రవ్వంత రమ్ము కలిపి ఒక్కొక్కనికి పోసిరి. మకానకీ తానును వారి నడుమ నిలిచి రాణి పేర పాత్ర యెత్తెను. సారా సంగతి నాకు రుచింపదు. అయినను జరిగినది దాచుట చరిత్ర చెప్పువాని ధర్మము కాదు.

సాయంకాలము రంగస్థలము సిద్ధమయ్యెను. ‘కాసిల్ ఆఫ్ ఆండలూషియా’ యను సంగీతరూపకమును కైదీలే ప్రదర్శించిరి. అది బందిపోటుల కథ; బందిపోటుల వేషములు కట్టినవారిలో నిజమైన బందిపోటులు లేకపోలేదు. షేక్స్‌పియరు మహాకవి రచించిన మూడవ రిచర్డు నాటకమునుండి యొక ఘట్టము నాడిరి: యుద్ధమునకు ముందటి రాత్రి డేరాలో నిదురించు రాజునకు తాను చంపించినవారి యాత్మలు కానవచ్చు ఘట్టము. హత్య చేసి దీవి చేరినవాడెవడైన ప్రేక్షకులలో నుండి దానిని చూచియుండిన, వాని మనస్సెట్లుండెనో యూహించుడు. నడుమ నడుమ పాటలు. హార్నుపైపు అను ఓడకళాసుల నృత్యము. చేతులు కట్టుకొని పాదములు చకచక యాడించుచు చేయు నృత్యమది. మన కోలాటమువలె నెందరో కూడి చేయునది కాక ఒక్కడే చేయుటయు కలదు. సంకెళ్ళకు అలవాటుపడిన కాళ్ళవి. తుదకు బాణసంచా కాల్చిరి.

బాకా మ్రోగెను. పదునెనిమిది వందలమందియు తమ తమ కొట్లకు తిరిగి పోయిరి. దొంగతనము లేదు, కొట్లాట లేదు, పారిపోయినవాడు లేడు. ఆ దినమున నొక్క అపరాధమైన జరుగలేదని మకానకీ పైకి వ్రాసెను.

ఇది యొక్కనాటి పండుగ యైన నేనింతగా చెప్పనక్కరలేదు. మకానకీ సంగీతమును నిత్యకార్యముగా నెలకొల్ప దలచెను. బాకాలు, కొమ్ములు, పిల్లనగ్రోవులు, డోళ్ళు, పెద్ద తాళములు, అకార్డియనులు కావలెనని అడిగెను. సెరఫీను అను వాద్యమును గూడ కోరెను. అది మన హరికథలలోని హార్మోనియమునకు పినతల్లి వంటిది. స్వరములు వ్రాసికొనుటకు కాగితములు తెప్పించెను. జేమ్సు అక్వినాస్ రీడను సంగీతజ్ఞుడు దీవిలో సంగీతపుపని చూచుచుండెను. కైదీలలోను పండితుడొకడు కలడు: చార్లెస్ ప్యాకరు, లండను రాజకీయ సంగీత విద్యాలయమున చదివినవాడు, సంగీతరూపకము రచించినవాడు, దొంగసంతకము నేరమున 1839లో యావజ్జీవశిక్ష పొంది ఇచ్చటికి వచ్చినవాడు. స్కాట్లాండువారికి ఐర్లాండువారికి తమతమ దేశపు పాటలు, నావికులకు సముద్రపు పాటలు నేర్పవలెనని మకానకీ యూహ. పుట్టిన యూరి పాట నోటనున్నవాడు తానొక తల్లి బిడ్డనని పూర్తిగా మరువడని ఆయన తలచెను.

సంగీతము చెవికింపు మాత్రమేయని ఆయన యెంచలేదు. వాద్యమేళమున కూర్చున్నవాడు తన వంతు వచ్చువరకు ఊరకుండవలెను. ప్రక్కవాని స్వరము వినవలెను. తాళము తప్పిన తనకే గాక అందరకు చెడుపు. ఇవియే కదా నేరస్థునకు లేని గుణములు? కొరడా వానిని కదలకుండ నిలుపును గాని, ఇతరునితో కలిసి కదలుట నేర్పదు. జట్టుకు ఆరుగురను నియమము మార్కుల పుస్తకమున నుండి యేమి నేర్పెనో, మృదంగము వీణ కూడిన కచేరి యదియే నేర్పును. లయను మన శాస్త్రకారులు తండ్రియనిరి. తండ్రి భయము లేక పెరిగినవారే యా దీవిలో నధికము.

ఇచ్చట నా సంగతి యొకటి చెప్పక తప్పదు. ముప్పదియేండ్లకు పైగా బెత్తము పట్టిన చేయి యిది. నేను క్రొత్తగా పంతులునైన దినములలో నొక పిల్లవానికి గోడకుర్చీ వేయించితిని. కాళ్ళు వణకుచుండగా వాడు మెల్లగా నొక పద్యము కూనిరాగము తీయసాగెను. శిక్షలో పాటయా యని మరి రెండు దెబ్బలు వేసితిని. పద్యము తప్పు లేకుండ పాడుచున్నాడన్న సంగతి ఆ రాత్రి భోజనమునకు కూర్చున్నప్పుడు తోచినది. వాడు ధిక్కారమున పాడెననుకొంటిని. నొప్పి మరచుటకు పాడెనని పిమ్మట తెలిసికొంటిని. మకానకీ కథ చదివినప్పుడెల్ల ఆ గోడ నా కన్నులకు కట్టును.

మన భరతముని చెప్పిన పురాతనకథ యొకటి యిచ్చట పొసగును. బ్రహ్మ నాట్యవేదమును సృజించి యింద్రుని ధ్వజోత్సవమున తొలి నాటకమాడింపగా, అందు తమ యోటమి చూపబడినదని దానవులు కోపించి విఘ్నములు కావించిరి. వజ్రాయుధధారి వారిని జర్జరముతో చావమోదెను. అయినను అంతటితో పోలేదు. బ్రహ్మ వారిని పిలిచి, ఈ నాట్యము దేవతలకు మాత్రమే చెందినది కాదు, మీకును చెందును, దుఃఖార్తులకు శ్రమపడినవారికి విశ్రాంతి గూర్చునది యని సాంత్వనము పలికెను. మన శాస్త్రమున మొదటి ప్రదర్శనమే కొట్లాటతో మొదలై, కొట్టుట చాలక, చెప్పి యొప్పించుటతో కుదుటబడినదన్నమాట.

సిడ్నీలో నున్న గవర్నరు గిప్సుకు ఈ పండుగ వార్త పిడుగువలె తగిలెను. క్రొత్తగా ఇంగ్లాండునుండి వచ్చినవారికి మాత్రమే మార్కుల పద్ధతి యని యాయన యాజ్ఞ. పాత కైదీలను వేరుగా నుంచుమని చెప్పియుండెను. మకానకీ అందరిని కలిపివేసెను. ఇందు గిప్సు తప్పేమియు లేదు, ఆజ్ఞ ఆజ్ఞయే. కాని పత్రికలు ఆ విషయము విడిచి, దొంగలకు నాటకములా, హంతకులకు పానకములా యని యెగతాళి చేసెను. నార్ఫోకు దీవి పేరు వినిన తూర్పు తీరమున దొంగలు వణకవలెను గాని వేడుకపడుదురా యని పెద్దమనుష్యులు వాపోయిరి. వారి వాదమును కొట్టిపారవేయను. భయము లేని దండన దండన కాదని మనుధర్మశాస్త్రమును చెప్పును. మకానకీ కాలమున అంతయు చక్కగా జరుగనులేదు. 1842 జూన్‌లో కొందరు కైదీలు ‘గవర్నరు ఫిలిప్’ అను నోడను పట్టుకొనజూడగా ఇరువైపుల ప్రాణములు పోయెను. పట్టుబడిన నలుగురిని సిడ్నీలో నుఱి తీసిరి. వాద్యమేళము దీవినంతను ఋష్యాశ్రమము చేసెనని చెప్పుట అబద్ధము.

1843 మార్చిలో గిప్సు, ముందుగా చెప్పిపంపకుండ, స్వయముగా దీవికి వచ్చెను. ఆరు దినములుండి ప్రతి కొట్టును చూచెను, కైదీలతో మాటలాడెను. ఎట్టి యల్లరి కానరాదు, కైదీలు నెమ్మదిగా నున్నారు అని పైకి వ్రాసెను. నిందించినవాడే వచ్చి చూచి మెచ్చుకొనుట అరుదు. గిప్సు గొప్పతనము అందున్నది. అయితే ఆ నివేదిక లండను చేరునప్పటికే మకానకీని తొలగించు నాజ్ఞ నిశ్చయమైపోయెను. ఓడలపై ఉత్తరములు నెలలకొలది నడచిన దినములవి. 1844 ఫిబ్రవరిలో ఆయన భార్యాబిడ్డలతో దీవి విడిచెను.

ఆయన వెనుక వచ్చిన చైల్డ్సు అను కమాండెంటు పాత పద్ధతిని పునరుద్ధరించెను. మకానకీ యిచ్చిన చిన్నచిన్న సౌకర్యములు ఒక్కొక్కటి పోయినవి. తుదకు 1846లో, కైదీలు తమ తిండి తాము వండుకొను చిన్న గిన్నెలను తీసివేయ నాజ్ఞ వచ్చెను. జూలై 1వ తేదీ ప్రొద్దున గిన్నెలు గోదాములోనికి పోయినవని చూచి కైదీలు తలుపు పగులగొట్టి, గిన్నెలు తీసికొని, దుడ్డుకర్రలు గొడ్డళ్ళతో కాపరులపై పడిరి. నలుగురు చచ్చిరి. ఆ యక్టోబరు 13వ తేదీన పన్నిద్దరిని ఉఱి తీసిరి. ఆ తరువాతి యధికారి జాన్ ప్రైసు కాఠిన్యమునకు పేరుమోసి, 1857లో మెల్బోర్ను దగ్గర కైదీల చేతిలోనే మరణించెను. నార్ఫోకులో కైదీల వలస 1855లో ఎత్తివేయబడినది. గిన్నెల కొరకు నలుగురు చచ్చుట, పన్నిద్దరు ఉఱికెక్కుట! పదునెనిమిది వందలమంది బాకా వినగానే కొట్లకు మరలుట యిచ్చటనే గదా, ఆరేండ్లకు ముందు?

మకానకీ ఇంగ్లాండు చేరి తన పద్ధతిని గూర్చి గ్రంథములు వ్రాసెను. 1849లో బర్మింగుహాము చెరసాల కధికారియై, రెండేండ్లకు అచ్చటనుండియు తొలగింపబడి, 1860లో మరణించెను. ఆయన మార్కుల పద్ధతిని ఐర్లాండు చెరసాలలలో క్రాఫ్టనను నధికారి మార్పులతో నమలు చేసెను. అందుండి లోకమున పలుచోట్లకు ప్రాకెను. ఆ దీవిలోని కింగ్‌స్టన్ గ్రామపు కట్టడములను, ఆస్ట్రేలియా కైదీల వలసలకు చెందిన మరి పది స్థలములతోపాటు, 2010లో ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించిరి. సముద్రపుటొడ్డున శ్మశానమున కైదీల పేర్లు చెక్కిన రాళ్ళు నేటికిని నిలిచియున్నవి.

ప్యాకరు సంగతి మిగిలినది. సంగీతము వానిని మంచివానిని చేసెనా యని మీలో నొకరైనను అడుగుదురని యెరుగుదును. 1844లో వానిని హోబర్టునకు మార్చిరి. అచ్చట సంగీతపాఠములు చెప్పి, కచేరీలు చేసి, పేరు గడించి, స్వేచ్ఛ పొంది సిడ్నీ చేరెను. అచ్చట గౌరవమున నుండగా, మొదటి భార్య యుండ రెండవ పెండ్లి యాడిన నేరము బయటపడి 1863లో మరల చెరసాలకు పోయెను. విడుదలయై వచ్చి, మరల సంగీతమునే పట్టుకొని, 1883లో సిడ్నీలో కన్నుమూసెను.